భద్రతా రంగంలో కొలువు కావాలా? ముందు చేతిలో ఒక వృత్తి ఉండాలి

2008 నవంబరు 26 రాత్రి ముంబైలో దిగిన పదిమంది ముష్కరుల్లో ప్రాణాలతో దొరికింది ఒక్కడే. అజ్మల్ కసబ్‌ను వదలకుండా పట్టుకుని ప్రాణాలర్పించిన ఏఎస్సై తుకారాం ఓంబ్లే ధైర్యం దేశమంతటికీ తెలుసు. ఆ రాత్రి తర్వాత మొదలైన పని మాత్రం ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల కంట పెద్దగా పడదు. 2010 మేలో ప్రత్యేక కోర్టు కసబ్‌ను దోషిగా తేల్చింది. అదే తీర్పులో, అతనితోపాటు బోనెక్కిన ఇద్దరు భారతీయులను సాక్ష్యాలు చాలవని విడిచిపెట్టింది. 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ దోష నిర్ధారణనూ ఈ విడుదలనూ రెండింటినీ ఖాయం చేసింది. 166 మంది చనిపోయిన దాడిలో సైతం నేరాన్ని మనిషి మనిషికీ విడివిడిగా రుజువు చేయాల్సిందే. ఉగ్రవాద నిరోధాన్ని కెరీర్‌గా తీసుకోవాలనుకునే విద్యార్థి ముందుగా గమనించాల్సింది ఇదే. ప్రజాస్వామ్యంలో ఈ రంగం నడిచేది రుజువుల మీద. రుజువును సేకరించేది, భద్రపరిచేది, కోర్టులో నిలబెట్టేది ఏదో ఒక వృత్తిలో చేయి తిరిగినవాళ్లు. అందుకే ఇంటర్ కాగానే ‘సెక్యూరిటీ స్టడీస్’ అన్న పేరు చూసి ఫీజు కట్టే ముందు, న్యాయం, అకౌంట్లు, కంప్యూటర్లు, రసాయనశాస్త్రం, భాషల్లో ఏదో ఒకదానిలో గట్టి పునాది వేసుకోవాలి. భద్రత దానిపై కట్టుకునే రెండో అంతస్తు.

హైదరాబాద్‌నే చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. మొదట అనుమానంతో పట్టుకున్న స్థానిక యువకులు నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత సీబీఐ, ఎన్‌ఐఏల చేతుల్లో దర్యాప్తు పూర్తిగా వేరే దిశకు మళ్లింది. విచారణలో సాక్షులు చాలామంది ఎదురుతిరిగారు. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ విడిచిపెట్టింది. మృతుల కుటుంబాలకు ఈరోజుకీ దోషి ఎవరో తెలియదు. 2013 ఫిబ్రవరి 21నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసు ఇందుకు భిన్నంగా నడిచింది. 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురిని దోషులుగా నిర్ధారించి మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఈ తేడా మొత్తానికీ దర్యాప్తు నాణ్యతే కారణమంటే అతి అవుతుంది. ప్రతి కేసు వెనుకా రాజకీయాలు, సాక్షుల భయాలు ఉంటాయి. అయినా తొలిరోజుల్లో తప్పు దారి పట్టిన దర్యాప్తును పదేళ్ల తర్వాత ఏ ప్రాసిక్యూటరూ నిలబెట్టలేడన్నది మాత్రం నిజం.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు ఈ వృత్తులకు గిరాకీ పెంచేవే. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. ఇందుకు ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. సోదాలను, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరైంది. ఫోన్ నుంచో సీసీ కెమెరా నుంచో తీసిన డేటాను కోర్టు ఒప్పుకోవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి, ఒక భాగంపై నిపుణుడు సంతకం పెట్టాలి. ఆ ఒక్క కాగితం లేక, ఉన్నా తప్పులతడకగా ఉండి, ఏళ్ల శ్రమ నీరుగారిపోవచ్చు. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ కొలువుల కోసమే చూసేవాళ్లకు డిజిటల్ ఫోరెన్సిక్స్ గురించి ఎవరూ చెప్పరు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ, రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీలు 2020లో కేంద్ర చట్టాలతో ఏర్పడ్డాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ పీజీలకు ఇలాంటి ల్యాబుల్లో చోటుంది.

కామర్స్ విద్యార్థులకు ఈ మాటలు దూరపు కొండల్లా అనిపిస్తాయి గానీ, నియామకాలు వాళ్ల వైపూ జరుగుతున్నాయి. దాడికి డబ్బు కావాలి, డబ్బు ఎక్కడో ఒక చోట జాడ వదులుతుంది. 1989లో మనీ లాండరింగ్‌పై ఏర్పడిన అంతర్జాతీయ బృందం ఎఫ్‌ఏటీఎఫ్, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఉగ్రవాదానికి చేరే నిధులనూ తన పరిధిలోకి తెచ్చుకుంది. భారత్ అందులో 2010 నుంచి సభ్యదేశం. మన బ్యాంకులు అనుమానాస్పద లావాదేవీలపై 2004లో ఏర్పడిన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు నివేదికలు పంపాలి. హైదరాబాద్‌లోని విదేశీ బ్యాంకుల సేవా కేంద్రాల్లో ఈ లావాదేవీలను జల్లెడ పట్టే ఉద్యోగాలున్నాయి. బీకాం, ఎంబీఏ చదివినవాళ్లు వీటిని బ్యాక్ ఆఫీసు పనిగా చూసి చిన్నచూపు చూస్తారు. నిజానికి యూనిఫాం లేకుండా ఈ రంగంలో అడుగుపెట్టడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

భాషలూ సామాజిక శాస్త్రాలూ చదివినవాళ్ల అవసరం వైఫల్యాల నివేదికల్లో కనిపిస్తుంది. 2004లో అమెరికా 9/11 కమిషన్ ఎత్తిచూపిన లోపాల్లో, ఎఫ్‌బీఐ దగ్గర అరబిక్ అనువాదకులు చాలినంతమంది లేకపోవడం ఒకటి. జర్మనీ పాఠం మరీ చేదుది. 2000 నుంచి 2007 దాకా నయా నాజీ ముఠా ఎన్‌ఎస్‌యూ పదిమందిని చంపింది. మృతుల్లో ఎక్కువమంది టర్కీ మూలాలున్న చిరువ్యాపారులు. పోలీసులు ఏళ్ల తరబడి టర్కిష్ నేరముఠాల కోసం వెతికారు, మృతుల కుటుంబాలనే అనుమానించారు. 2011 నవంబరులో ముఠా గుట్టు రట్టయ్యాక, గూఢచార సంస్థలో ఫైళ్లు చింపేసినట్టు తేలి, దాని అధిపతి 2012లో తప్పుకున్నారు. అక్కడ ఆయుధాలకూ నిఘా పరికరాలకూ లోటు లేదు. జాత్యహంకారం కళ్లెదుట ఉన్నా గుర్తుపట్టగల చూపే కరువైంది. చరిత్రో సోషియాలజీయో శ్రద్ధగా చదివిన అధికారి ఒక్కరున్నా వేరే ప్రశ్నలు వేసేవారేమో.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కాగితాలూ కోర్టులూ తర్వాతి మాట, ముందు అడవిలోనో వీధిలోనో ఎదురునిలిచే బలగాలే కదా ముఖ్యం అని. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన నక్సల్ నిరోధక కమాండో దళం గ్రేహౌండ్స్‌నే ఉదాహరణగా చూపుతారు. బలగాల అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే గ్రేహౌండ్స్ విజయం వెనుక ఓపికగా పోగుచేసిన సమాచారం, లొంగుబాటు పథకాలు కూడా ఉన్నాయి. కమాండో కావాలనుకుంటే యూపీఎస్సీ నిర్వహించే అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష ఉంది, మంచి దారే. కానీ శారీరక పరీక్షలో సెంటీమీటరు తక్కువైందనో చూపు మసకైందనో ఆగిపోయిన అభ్యర్థి, దేశభద్రతకు పనికిరానని అనుకోనక్కర్లేదు.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద ఏళ్ల తరబడి బెయిలు లేకుండా జైల్లో ఉన్నవాళ్లను చూస్తూ ఈ రంగంలోకి వెళ్లడం ఎందుకని ఆలోచనాపరులైన విద్యార్థులు అడుగుతారు. అడగాలి కూడా. పాత ఉగ్రవాద నిరోధక చట్టాల్లో, దుర్వినియోగం ఆరోపణలు ముసిరిన టాడాను 1995లో కాలం చెల్లనిచ్చారు, పోటాను 2004లో రద్దు చేశారు. విచారణ అంతులేకుండా సాగితే ఉపా కేసుల్లోనూ రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదన వినిపించిన డిఫెన్స్ న్యాయవాదులూ ఈ రంగంలో భాగమేనని నా అభిప్రాయం. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, తర్వాత న్యాయవాదిగా మారిన కె. బాలగోపాల్ పోలీసు ఎన్‌కౌంటర్లనూ నక్సలైట్ల హింసనూ రెండింటినీ ప్రశ్నించారు. చట్టం హద్దులు తెలిసినవాళ్లు దూరంగా ఉండిపోతే, హద్దులు పట్టనివాళ్లకే కుర్చీలు మిగులుతాయి.

ఇక జీతాలూ ఖాళీల సంగతి. నేరుగా ఎన్‌ఐఏలో చేరే దారి ఇరుకు. ఎస్ఎస్సీ సీజీఎల్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులుంటాయి, చాలా కుర్చీలు డిప్యుటేషన్ మీద వచ్చేవారివే. ఇంటెలిజెన్స్ బ్యూరో ఏసీఐఓ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు గానీ పోటీ విపరీతం. పునాది వృత్తి లేనివాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. నోటిఫికేషన్ రాని సంవత్సరాల్లో లాయరు ప్రాక్టీసు చేసుకుంటాడు, అకౌంటెంట్ బ్యాంకులో ఉంటాడు. భద్రతా అధ్యయనాల డిగ్రీ మాత్రమే ఉన్నవారు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు. సోషల్ మీడియా సంస్థల్లో హింసాత్మక పోస్టులను వడకట్టే కంటెంట్ మోడరేషన్ పని కూడా భద్రతా రంగంలోదే. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన దుండగుడు దాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాక ఈ పని ప్రాధాన్యం అందరికీ అర్థమైంది. కానీ అది మనసును నలిపేసే పని. మానసికంగా దెబ్బతిన్న అమెరికా మోడరేటర్లకు 5.2 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఫేస్‌బుక్ 2020లో ఒప్పుకుంది. చేరేముందు కౌన్సెలింగ్ సదుపాయం గురించి అడగండి.

విదేశాల్లో ఈ సబ్జెక్టు చదవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్, అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాల్లో ఉగ్రవాద అధ్యయనానికి పేరున్న కేంద్రాలున్నాయి. కానీ ఎఫ్‌బీఐ, సీఐఏ వంటి సంస్థల్లో చేరాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. స్టూడెంట్ వీసాపై వెళ్లినవారికి మిగిలేవి ప్రైవేటు సంస్థలు, పరిశోధన, బ్యాంకుల కంప్లయన్స్ విభాగాలే. అప్పు చేసి వెళ్లేవారు ఈ లెక్క ఇక్కడే వేసుకోవాలి.