రెండు ఇంజన్లూ సమానంగా లాగాలంటే

బ్రిటన్‌లో ఎండ్యూరెన్స్ కార్టింగ్ చూసినవాళ్లకు ప్రోకార్ట్ తెలిసే ఉంటుంది. సీటుకు అటూ ఇటూ చెరొక హోండా జీఎక్స్160. రెండూ చైన్లతో వెనక ఇరుసునే తిప్పుతాయి. నీళ్ల పంపులకూ సిమెంటు మిక్సర్లకూ బిగించే 163 సీసీ ఇంజనే ఇది. టీసైడ్ లాంటి ట్రాక్‌ల మీద 24 గంటల రేసులో డ్రైవర్లు మారుతుంటారు, ఇంజన్లకు మాత్రం విరామం లేదు. ఇంజన్లను ఇష్టమొచ్చినట్టు మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. అందరికీ అదే బలం. ఇక మెకానిక్‌కు మిగిలిన పనల్లా ఆ బలాన్ని చివరి గంటదాకా తరగకుండా కాపాడటమే. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రేసులు గెలిచేది దీనితోనే అని నా గట్టి నమ్మకం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ముందు, జంటలో అలసినదేదో కనిపెట్టండి. రెండు ఇంజన్లూ ఒకే ఇరుసును తిప్పుతున్నాయి కాబట్టి ఒకటి నీరసించినా రెండోది దాన్ని మోసుకుపోతుంది. ల్యాపు టైము కొద్దిగా పెరుగుతుంది, అంతే. డ్రైవరు టైర్లను అనుమానిస్తాడు, మేనేజరు డ్రైవర్ని అనుమానిస్తాడు. అందుకే ప్రతి రేసు ముందూ రెంటినీ విడివిడిగా పరీక్షించాలి. ప్లగ్గు తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, క్రాంకు కదలకుండా పట్టి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించండి. బుస్సుమనే శబ్దం సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, కార్బురేటర్లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. కంప్రెషన్ గేజి ఒక్కదాన్నే నమ్మవద్దు. స్టార్టరు తాడు సులువుగా లాగడానికని క్యామ్‌షాఫ్టు మీద డీకంప్రెసర్ ఉంటుంది. లాగేటప్పుడు అది ఎగ్జాస్టు వాల్వును కాస్త ఎత్తుతుంది కనుక అంకె తక్కువ చూపిస్తుంది.

క్లచ్చులూ ఇందులో భాగమే. ఒక క్లచ్ ముందుగా పట్టుకుంటే ప్రతి మలుపులోంచి బయటపడేటప్పుడూ బరువంతా ఆ ఇంజనే మోస్తుంది. రెండు వైపులా స్ప్రింగులు, షూలు ఒకేసారి మార్చండి. స్ప్రాకెట్ పళ్ల లెక్క కూడా రెండు పక్కలా ఒకటే ఉండాలని వేరే చెప్పాలా!

2. ఈ ఇంజన్‌లో నూనె పంపు లేదు, ఫిల్టరూ లేదు. అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటి ముక్క ఉంటుంది. అది తిరుగుతూ నూనెను చిమ్ముతుంది. ఇంజను బతుకంతా ఆ చిమ్మడం మీదే. పట్టే నూనె సుమారు 0.6 లీటరు. పొడవాటి మలుపులో అది ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పటికే మట్టం తగ్గి ఉంటే గరిటెకు అందదు, రాడ్డు పట్టేస్తుంది, విరిగి కేసును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అలాగని మట్టం మించి పోస్తే బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్లోకి కక్కుతుంది. బండిని చదునైన చోట నిలిపి, సరిగ్గా మట్టానికే పోయండి.

హోండా పుస్తకం మొదటి 20 గంటలకు ఒకసారి, తర్వాత 100 గంటలకోసారి నూనె మార్చమంటుంది. అది 3600 ఆర్‌పీఎం లోపల నడిచే పంపుల లెక్క. రేసులో మనం అంతకు మించి తిప్పుతాం, కాబట్టి ప్రతి రేసుకూ మార్చాల్సిందే. తీసిన నూనెను పారబోసే ముందు తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడండి. వెండిపొడిలా మెరిసిందా, రాడ్డో బేరింగో అరుగుతోంది. ఆ ఇంజన్ను ఇక రేసుకు పంపకండి.

3. ట్యాపెట్ల సందు ఇంజను పూర్తిగా చల్లారాకే చూడాలి. ఇన్‌లెట్ 0.15 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు 0.20. సందు పెరిగితే టకటకమని తనే చెబుతుంది. తగ్గితే చప్పుడే ఉండదు, అదే ప్రమాదం. ఎగ్జాస్టు వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగి సందు తగ్గుతూ పోతుంది. ఆఖరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది. పిట్‌లో ఆగిన బండి వేడి మీద స్టార్టు కాక మొరాయిస్తోందంటే నేను మొదట చూసేది ఇదే. వాల్వు కోసం హెడ్డు విప్పితే, దాని బోల్టులు తిరిగి 24 న్యూటన్ మీటర్లకు, ఎదురెదురుగా, విడతలుగా బిగించండి.

4. ఇంజన్ను చల్లబరిచేది ఫ్లైవీల్ విసిరే గాలి ఒక్కటే. టైరు పొడి, గడ్డి, చైను మీంచి చిందిన నూనె కలిసి ఫిన్ల మధ్య పిడచకడతాయి. పైన ఉన్న రేకు విప్పితే తప్ప కనిపించదు, కాబట్టి విప్పండి. ఫోము ఫిల్టరును సబ్బునీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఇంజనాయిల్లో ముంచి పిండాలి. నూనె కారుతూ ఉండకూడదు.

5. ఒకే సిలిండరు కనుక అదురు తప్పదు. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటుతో గీత గీయండి. గీత పక్కకు జరిగిందా లేదా అన్నది రాత్రి టార్చి వెలుగులో ఒక్క చూపుతో తెలిసిపోవాలి. సైలెన్సర్ నట్లు ముందు వదులవుతాయి.

6. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలంటే ఈ10, అంటే పదిశాతందాకా ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది. రేసు అయ్యాక కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయకుండా షెడ్డులో పెడితే జెట్లు పూడుకుపోతాయి.

7. ఇంజను విప్పకుండా సీలు వేసే తరగతిలో ఆ సీలు జోలికి పోకండి. అనుమానం వస్తే, విప్పక ముందే బండ్లను తనిఖీ చేసే స్క్రూటినీర్‌ను పిలిచి అడగండి. అందరిదీ ఒకే ఇంజను అన్న భరోసా మీదే తక్కువ డబ్బున్న జట్లు ఈ ఆటలో నిలబడుతున్నాయి. దాన్ని చెడగొట్టేవాడు ఎంత పనిమంతుడైనా నాకు గౌరవం లేదు.

8. ఇంజను నంబరు వారీగా ఒక పుస్తకం పెట్టండి. నడిచిన గంటలు, పోసిన నూనె, ట్యాపెట్ సందు విప్పినప్పుడు ఎంత, సరిచేశాక ఎంత, ఏ ఇంజను ఏ ఇంజనుతో జతగా నడిచింది — ఇవన్నీ అందులో రాయాలి. ఎగ్జాస్టు సందు 0.20 నుంచి 0.17కి, ఆ తర్వాత 0.14కి దిగుతోందని కాగితం మీద కనిపిస్తే, ఆ వాల్వును రేసు ముందే షెడ్డులో తీరిగ్గా మార్చుకోవచ్చు. లేకపోతే తెల్లవారుజామున మూడింటికి, మండుతున్న సైలెన్సర్ పక్కన కూర్చుని మార్చాలి.