ఉచిత ఆటకు వెల ఎంత?

(కుటుంబ పాఠము)

పాఠ లక్ష్యములు: 1. ఫోనులోని "ఉచిత" ఆట డబ్బు ఎట్లు సంపాదించుచున్నదో తెలిసికొనుట. 2. ఆటను, ఆటలో దాగిన బేరమును వేరు చేసి చూచుట. 3. పిల్లవానిని సిగ్గుపరచకుండ సరిదిద్దుట.



పోయిన వేసవి సెలవులలో మా ఇంట జరిగిన సంగతితో ఈ పాఠము ప్రారంభించుచున్నాను. పన్నెండేండ్ల మా మనవడు వాళ్ళ అమ్మ ఫోనులో ఆడుకొనుచు, "తాతయ్యా, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది, చెప్పవా?" అని అడిగాడు. అంతకుముందు ఏదో బిల్లు కట్టుటకు నా కార్డు నంబరు ఆ ఫోనులో ఎక్కించి ఉన్నాము. నేను పేపరు చదువుచు, అది ఎందుకని అడుగకయే చెప్పాను. మూడు రోజులలో నాలుగు మార్లు చెప్పాను. నెలాఖరున బ్యాంకు పుస్తకము చూచుకొనగా పింఛనులో 2,840 రూపాయలు తక్కువ.

కోపముతో చెయ్యెత్తాను. వాడు వెక్కి వెక్కి ఏడ్చుచు, "ఆట ఫ్రీయే తాతయ్యా. పెట్టె తెరిస్తే డ్రెస్సు వస్తుందనుకున్నా. రాలేదు. ఇంకొకటి తెరిస్తే వస్తుందనుకున్నా" అన్నాడు. ఎత్తిన చెయ్యి దించాను. ఈ మాట నేను ఎక్కడనో విన్నాను. ఎక్కడనో కాదు, చిన్నప్పుడు నా నోటనే విన్నాను.

1. అట్ట మీది చీటీలు

మన చిన్ననాటి కిళ్లీకొట్టులో వ్రేలాడు అట్ట పెద్దవారికి జ్ఞాపకముండును. పైవరుసలో బొమ్మ వాచీ, ప్లాస్టిక్ కారు, ఒక కొత్త నోటు. క్రింద మడిచి అంటించిన చీటీలు. పది పైసలిచ్చి ఒకటి చించవలెను. చాలమార్లు లోపల వచ్చునది ఒక చాక్లెట్టు, లేదా ఖాళీ చీటీ. మనము కొన్నది చాక్లెట్టు కాదు. చీటీ విప్పు ఆ ఒక్క క్షణపు ఆశను కొన్నాము.

నేటి ఆటలలో ఆ అట్ట పేరు లూట్ బాక్స్. మూత వేసిన పెట్టె బొమ్మ ఒకటి తెర మీద మెరయును. డబ్బు చెల్లించినగాని లోపల ఏమున్నదో తెలియదు. ఒక్క భేదము గమనించండి. కొట్టువాని అట్టలో చీటీలు ఒకనాటికి అయిపోవును. ఈ పెట్టెలు ఎన్నటికిని అయిపోవు.

2. వెల ఎట్లు మారినది?

1978లో జపానులో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ వంటి ఆటలకు నాణెము వేసి ఆడెడివారు. నాణెమునకు ఒక ఆట. ఇంటిలో టీవీకి తగిలించుకొను ఆటలును ఉండెడివి. ఒకసారి వెల చెల్లించి కొనినచో ఆట మనది. ఈ రెంటిలోను వెల కంటికి కనబడుచుండెను.

2006లో అమెరికాలోని బెథెస్డా అను కంపెనీ, అప్పటికే డబ్బిచ్చి ఆటను కొన్నవారికి, ఆ ఆటలోని గుర్రమునకు కవచమును రెండున్నర డాలర్లకు అమ్మినది. జనులు నవ్వినారు, విసుగుకొన్నారు, అయినను కొన్నవారు కొన్నారు. తరువాతి సంవత్సరములలో అనేక కంపెనీలు ఆటను ఊరకనే ఇచ్చి, లోపలి వస్తువులను అమ్ముట నేర్చుకొన్నవి. ఇట్టి ఆటలలో ఎక్కువమంది ఒక్క రూపాయియు చెల్లించరు. కొద్దిమంది చెల్లించునదే ఆదాయములో పెద్ద భాగము. ఆ కొద్దిమందిని ఆ వ్యాపారములో "తిమింగలములు" అని పిలుచుదురు. ఆ పేరు జూదశాలల నుండి వచ్చినది.

3. మూడు ఉచ్చులు

(అ) నాణెము మార్చుట. ఆటలో రూపాయలుండవు, డైమండ్లు, కాయిన్లు ఉండును. చొక్కా వెల 120 డైమండ్లు అనుకొనండి. డైమండ్లు నూరేసి చొప్పున అమ్ముదురు. పిల్లవాడు రెండు కట్టలు కొనవలెను. 80 మిగులును. ఆ మిగిలినవి వృథా కాకుండుటకు మరల కొనును. ఎంత ఖర్చయినదో రూపాయలలో లెక్క తెలియదు.

(ఆ) అదృష్టపు లెక్క. ఇది నల్లబల్ల మీద వ్రాసి పిల్లలకు చూపదగినది. కోరిన వస్తువు నూటికి ఒక పెట్టెలో వచ్చు అవకాశము కలదనుకొనండి. నూరు పెట్టెలు తెరచిన తప్పక వచ్చునా? రాదు. ప్రతి పెట్టెకు లెక్క మొదటినుండియే. నూరుగురు పిల్లలు తలకు నూరేసి పెట్టెలు తెరచినచో, వారిలో దాదాపు 37 మందికి అది రానే రాదు. పెట్టె 50 రూపాయలైనచో ఆ 37 మందిలో ఒక్కొక్కడు 5,000 రూపాయలు పోగొట్టుకొని, ఇంకొకటి తెరచినచో వచ్చుననియే తలంచును.

(ఇ) తొందర. "ఈ రాత్రి వరకే" అని తెర మీద గడియారము తిరుగును. స్నేహితులందరికి ఆ దుస్తులున్నవి, మనవానికి లేవు. బడిలో పాత చొక్కా వేసికొన్నవాని బాధ ఎట్టిదో, ఆ ఆటలో ఉచిత చొక్కా వేసికొన్నవాని బాధయు అట్టిదే.

4. ప్రభుత్వములు ఏమి చేసినవి?

ఇది తాతల చాదస్తము కాదు. పెట్టెలలో వచ్చిన బొమ్మలన్నిటిని జత కూర్చినగాని పెద్ద బహుమతి రాని పద్ధతిని 2012లో జపాను వినియోగదారుల వ్యవహారముల శాఖ చట్టవిరుద్ధమని చెప్పినది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం ప్రభుత్వము, ఫిఫా 18 మొదలగు కొన్ని ఆటలలోని పెట్టెలు జూదమేనని ప్రకటించినది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట చేసిన ఎపిక్ గేమ్స్ కంపెనీ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన అభియోగములపై మొత్తము 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. ఇందులో 24.5 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఇచ్చుటకే. తికమకపెట్టు బటన్లతో, తలిదండ్రుల అనుమతి లేకయే పిల్లలచేత కొనిపించినదని అభియోగము. 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ ఆట కంపెనీ అక్కడనే 2 కోట్ల డాలర్లు చెల్లించుటకును, తలిదండ్రుల అనుమతి లేనిదే 16 ఏండ్ల లోపు వారికి ఇట్టి పెట్టెలు అమ్మకుండుటకును ఒప్పుకొన్నది.

మన దేశములో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టమును ఆమోదించినది. డబ్బు పెట్టి, డబ్బు గెలుచు ఆశతో ఆడు ఆటలను అది నిషేధించినది. కాని మా మనవడు డబ్బు గెలువవలెనని ఆడలేదు; బొమ్మకు చొక్కా కావలెనన్నాడు. కాబట్టి చట్టము వచ్చినది గదా అని మనము నిశ్చింతగా ఉండరాదు.

5. ఎదిరించినది ఆడువారే

2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 అను ఆట వచ్చినది. పూర్తి వెల చెల్లించి కొన్నవారు సహితము డార్త్ వేడర్ అను ముఖ్యపాత్రను తెరచుటకు దాదాపు 40 గంటలు ఆడవలెనని ఆడువారే లెక్క కట్టినారు. పెట్టెలను డబ్బుతో కొన్నవారికి ఆటలో బలము పెరుగునట్లు కూడ అమర్చినారు. ఆడువారందరు గట్టిగా నిరసింపగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ఆ పాత్ర వెలను 60,000 నుండి 15,000 క్రెడిట్లకు తగ్గించి, విడుదలకు ముందు రోజున ఆటలో డబ్బుతో కొనుటను నిలిపివేసినది. 2023లో బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ వారు పెద్దల కొరకు చేసిన బాల్డర్స్ గేట్ 3 ఒకే వెలకు అమ్మబడినది. లోపల అమ్మకపు పెట్టెలు లేవు. అది ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగా గేమ్ అవార్డ్స్ బహుమానము పొందినది. దాచకుండ వెల చెప్పియు వ్యాపారము చేయవచ్చును.

కావున "ఈ కాలపు పిల్లలు చెడిపోయినారు" అనకండి. ఆటలోని మోసమును మనకంటె ముందు కనిపెట్టినది ఆ యువకులే. మన సంఘములలోని యువకులను అడిగినచో వారే మనకు బోధింతురు.

6. మన ఇండ్లలో

మన కుటుంబములలో ఒక చిక్కు కలదు. ఇక్కడి బడులలో చదివిన మనవలకు తెలుగు చదువ రాదు. తాతమ్మలకు, తాతలకు తెరమీది ఇంగ్లీషు తెలియదు. ఫోను చదివి చెప్పువాడు ఆ పిల్లవాడే. కాబట్టి ఇవి పాటించండి. ఓ.టి.పి. అడిగినచో ఎవరికైనను "ఎందుకు?" అని అడిగి, సందేశము మొత్తము చదివించుకొన్న తరువాతనే చెప్పవలెను. పిల్లలు ఆడు ఫోనులో కార్డు నంబరు ఉంచరాదు. కొనుగోలుకు పాస్‌వర్డు పెట్టవలెను. డబ్బు పోయినచో వెంటనే యాప్ స్టోరులో రిఫండు అడుగవలెను, బ్యాంకుకు తెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యము, కొట్టకండి. కొట్టిన పిల్లవాడు ఆట మానడు, చెప్పుట మానును. మరుసటి మారు 2,840 కాదు, ఇరవై ఎనిమిది వేలు పోయిన తరువాత తెలియును. ఆ సాయంకాలము నేను వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నూరు చీటీల లెక్క చేయించాను. లెక్క ముగించి వాడు, "తాతయ్యా, చిన్నప్పుడు నీకు వాచీ వచ్చిందా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. ఇద్దరము నవ్వుకొన్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంటి ఫోనులో ఏ ఏ ఆటలున్నవి? వాటిలో డబ్బు అడుగునవి ఏవి? పిల్లలచేతనే చెప్పించండి.
2. ఒక వస్తువును వెల చెప్పి అమ్ముటకు, మూత వేసి అమ్ముటకు భేదమేమి?
3. పిల్లవాడు తప్పు ఒప్పుకొన్నప్పుడు మీ ఇంట మొదట వినబడు మాట ఏది?