ఉత్తరం ఎక్కడ ఆగింది?

మాది సాగర్ కుడి కాలువ కింద చివరి ఆయకట్టు. కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో పడ్డ ఎన్నాళ్లకో గాని మా పొలం తడవదు. ఒక్కోసారి అప్పటికీ తడవదు. అలాంటప్పుడు మా నాన్న పొలంలో నిలబడి ఎవర్నీ తిట్టడు. పార భుజాన వేసుకుని, కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ముందు మా పిల్లకాలువ చూస్తాడు, తర్వాత తూము చూస్తాడు, ఆపైన మైనరు కాలువ చూస్తాడు, లస్కరు కనబడితే అడుగుతాడు. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిస్తే ఎక్కడ ఆగాయో తెలిసినట్టేరా" అంటాడు.

మన సావనీరుకు ఏదన్నా సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ మాటే. గత వేసవి సెలవుల్లో ఒక సంస్థ కంప్యూటరు విభాగంలో పని నేర్చుకోవటానికి వెళ్లాను. అక్కడ ఆ మాట మరిచిపోయి ఒక తప్పు చేశాను. ఆ తప్పునూ, దాని వల్ల నేను నేర్చుకున్న విషయాన్నీ తోటి విద్యార్థులకు తెలియజేయటమే ఈ వ్యాసం ఉద్దేశం. విషయం ఏమిటంటే, ఆఫీసుల్లో ఈ-మెయిలు ఎలా నడుస్తుంది, మెయిల్ బాక్సులను ఒక సర్వరు నుండి మరో సర్వరుకు మార్చినప్పుడు ఎక్కడ చిక్కుపడుతుంది, ఆ చిక్కు ఎలా విప్పాలి అన్నది.

1. ఉత్తరం నడిచే దారి

బటను నొక్కగానే ఈ-మెయిలు అవతలివారి పెట్టెలో పడుతుందని మనమంతా అనుకుంటాం. నిజానికి అది మజిలీలు చేసుకుంటూ పోతుంది. 1971లో రే టాంలిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక యంత్రం నుండి మరో యంత్రానికి ఉత్తరం పంపుతూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ @ గుర్తు పెట్టాడు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నిబంధనావళి ఎస్.ఎం.టి.పి. అనే పద్ధతికి రూపం ఇచ్చింది. తరవాత ఎన్నో చేర్పులు జరిగినా, సర్వర్లు ఈనాటికీ మాట్లాడుకునేది ప్రధానంగా ఆ పద్ధతిలోనే.

పంపే సర్వరు ముందుగా డి.ఎన్.ఎస్. అనే చిరునామాల పట్టికలో "ఫలానా డొమైనుకు వచ్చే ఉత్తరాలు ఎవరు తీసుకుంటారు?" అని వెతుకుతుంది. దానికి జవాబిచ్చే పద్దును ఎం.ఎక్స్. రికార్డు అంటారు. ఆ జవాబు దొరికాక అవతలి సర్వరు యొక్క 25వ నంబరు పోర్టు తలుపు తడుతుంది. అవతలి సర్వరు ప్రతి మాటకూ ఒక మూడంకెల సంఖ్యతో బదులిస్తుంది. ఆ సంఖ్యలో మొదటి అంకె చాలా ముఖ్యం. 2 అయితే సరే, జరిగిపోయిందని. 4 అయితే ఇప్పుడు వీలుకాదు, కాసేపాగి రమ్మని. 5 అయితే ఇది కుదరదు, మళ్లీ ఇలాగే రావద్దని.

4 వచ్చినప్పుడు పంపే సర్వరు ఉత్తరాన్ని క్యూలో నిలబెట్టి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5 వచ్చినప్పుడు కారణం రాసి, పంపినవారికే తిప్పి పంపుతుంది. ఒక సర్వరు ఉత్తరం మొత్తం అందుకుని "250" అని చెప్పిందంటే ఇక బాధ్యత దానిది. అది అవతలికి చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని చెప్పాలి. కాబట్టి నియమం ప్రకారం నడిచే సర్వర్ల మధ్య ఉత్తరం ఊరికే ఆవిరైపోదు. ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది, లేదా కారణంతో తిరిగి వస్తుంది.

ఇంకొక సౌకర్యం కూడా ఉంది. ప్రతి మజిలీలోనూ సర్వరు ఉత్తరం నెత్తిన తన పేరూ, అందుకున్న వేళా రాసి ఒక ముద్ర వేస్తుంది. కొత్త ముద్ర పాత ముద్ర పైన పడుతుంది గనుక వాటిని కింద నుండి పైకి చదవాలి. రెండు ముద్రల మధ్య రెండు గంటల తేడా కనబడిందంటే ఉత్తరం అక్కడ రెండు గంటలు కూర్చుందన్నమాట. అయితే ఆ రెండు సర్వర్ల గడియారాలూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

2. పెట్టెలు తరలించటం

పెద్ద ఆఫీసుల్లో చాలాచోట్ల మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వరు వాడతారు. ఒకే వ్యవస్థలో మెయిల్ బాక్సును ఒక డేటాబేసు నుండి మరొకదానికి మార్చేటప్పుడు మనిషి తన పని మానుకోనక్కరలేదు. అతను పాత పెట్టెలో పనిచేస్తుండగానే వెనక నుండి సరుకంతా కొత్త పెట్టెకు నకలవుతుంటుంది. కావాలంటే 95 శాతం దగ్గర ఆపి ఉంచి, రాత్రి వేళ పూర్తి చెయ్యవచ్చు. ఆఖరున పెట్టెను కొద్దిసేపు మూసి, మిగిలిన మార్పులు నకలు చేసి, డైరెక్టరీలో చిరునామా మార్చేస్తారు.

ఇక్కడ రెండు చిక్కులు తరచుగా వస్తాయి. మొదటిది పాడైపోయిన ఉత్తరాలు. అవి అనుమతించిన లెక్క దాటితే తరలింపు ఆగిపోతుంది. అప్పుడు లెక్క పెంచుకుంటూ పోవటం తేలికే గాని, ఏ ఉత్తరాలు పోతున్నాయో నివేదికలో చూడకుండా పెంచటం ఇల్లు మారేటప్పుడు కొన్ని మూటలు చూడకుండా పారెయ్యటం లాంటిది.

రెండోది డిస్కు నిండటం. డేటాబేసులో పడే ప్రతి మార్పునూ సర్వరు ముందుగా లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. అందుచేత వంద జీబీల ఉత్తరాలు తరలిస్తే కొత్త సర్వరులో సుమారుగా అంత చిట్టా కూడా తయారవుతుంది. మామూలుగా బ్యాకప్ తీసిన తర్వాతగాని అది తొలగిపోదు. ఆ చిట్టా ఉన్న డిస్కు నిండితే డేటాబేసే ఆగిపోతుంది. రవాణా క్యూ కూడా అదే డిస్కు మీద ఉంటే సర్వరు జాగ్రత్తపడి కొత్త ఉత్తరాలు తీసుకోవటం మానేస్తుంది. దీన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు. బయటివారికి అప్పుడు 452తో మొదలయ్యే జవాబు వెళుతుంది. చూసేవారికి ఇది నెట్‌వర్కు దోషంలా కనిపిస్తుంది. కాని మొదటి అంకె 4 కదా! వనరులు చాలటం లేదు, ఆగి రమ్మని సర్వరే చెబుతోంది. డిస్కులో చోటు చేస్తే ఆగిన ఉత్తరాలు వాటంతటవే వస్తాయి.

3. నేను చేసిన తప్పు

నేను పనిచేసిన సంస్థ ధాన్యం, మొక్కజొన్న కొనే సంస్థ. అది మరో చిన్న సంస్థను కలుపుకుంది. ఆ చిన్న సంస్థవారి మెయిల్ బాక్సులు వేరే ఎక్స్ఛేంజ్ వ్యవస్థలో ఉండేవి. వాటిలోని సరుకును ఫైళ్లుగా తీసి, మా సర్వరులో అవే చిరునామాలతో కొత్త పెట్టెలు చేసి, వాటిలో పోశారు. పరీక్షించే పని నాకు అప్పగించారు. నేను నా ఫోను నుండి ఒక్కొక్కరికీ ఉత్తరం పంపాను. అన్నీ చేరాయి. "అంతా బాగుంది సార్" అని చెప్పేశాను.

మర్నాడు ఒక గోడౌను గుమస్తా గారు ఫోను చేశారు. "బాబూ, తూకం పట్టీలు అక్కౌంట్సు మేడం గారికి నాలుగుసార్లు పంపాను, నాలుగుసార్లూ తిరిగొచ్చినయ్" అన్నారు.

"అడ్రసు తప్పు కొట్టి ఉంటారండీ, ఒకసారి సరిచూసుకోండి" అన్నాను.

"నేను కొట్టలేదు బాబూ, ఆవిడ పాత మెయిలుకే రిప్లై నొక్కాను" అన్నారాయన. నేను ఆ మాట పట్టించుకోలేదు. నా ఫోను నుండి వెళుతున్నదాయె!

రెండు రోజులు గడిచాయి. మళ్లీ ఫోను. ఈసారి గొంతు మారింది. "ఈ పట్టీలు చేరితేనే రైతులకు డబ్బు పడేది. పదకొండు మంది గేటు దగ్గర కూర్చున్నారు బాబూ. వాళ్లకేం చెప్పమంటావు?"

నాకు ఒళ్లు చల్లబడింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంట వేసినవాడికి రోజొక్కటి ఆలస్యమైతే ఏమవుతుందో నాకెవరూ చెప్పనక్కరలేదు. మా ఇంట్లో చూసినదే. నేను గట్టు పట్టుకుని నడవకుండా పొలాన్ని తిట్టానని అప్పుడర్థమయింది.

తిరిగొచ్చిన ఉత్తరాన్ని నాకు పంపమన్నాను. మొదటిసారి దాన్ని పూర్తిగా చదివాను. అందులో 5.1.1 అని ఉంది, అంటే అలాంటి గ్రహీత లేడని. కాని అందులో ఉన్న చిరునామా మేడం గారి చిరునామా కాదు. ఐ.ఎం.సి.ఇ.ఎ.ఇ.ఎక్స్. అనే అక్షరాలతో మొదలై, రెండు వరుసల పొడవున, గీతలతో, ప్లస్ గుర్తులతో ఏదో ఉంది. మా సీనియరు ఇంజనీరు గారికి చూపించాను. ఆయన నవ్వి, కుర్చీ దగ్గరకు లాక్కొని విడమరిచి చెప్పారు.

ఒకే ఎక్స్ఛేంజ్ వ్యవస్థలో ఉన్నవాళ్లు ఒకరికొకరు రాసుకున్నప్పుడు, ఔట్‌లుక్ మనకు కనబడే @ చిరునామాను గాక లోపలి చిరునామా ఒకటి గుర్తుపెట్టుకుంటుంది. పాత ఉత్తరాలలోనూ, రెండక్షరాలు కొట్టగానే తెరమీద కనిపించే పేర్ల జాబితాలోనూ ఉండేది అదే. కొత్తగా చేసిన పెట్టెకు కొత్త లోపలి చిరునామా వచ్చింది. పాతది ఎవరిదో కొత్త సర్వరుకు తెలియదు. ఊళ్లో అందరూ ఒక మనిషిని ఇంటి ముద్దుపేరుతో పిలుస్తుంటే, కొత్తగా వచ్చిన పోస్టుమాను దగ్గర అసలు పేరు మాత్రమే ఉన్నట్టు! బయటి నుండి వచ్చే ఉత్తరాలు @ చిరునామాతో వస్తాయి గనుక నా పరీక్ష గెలిచింది. లోపలివారు పాత ఉత్తరాలకు ఇచ్చిన జవాబులన్నీ ఓడిపోయాయి. నేను పరీక్షించింది పెద్దకాలువను, ఎండింది పిల్లకాలువ.

మందు చిన్నదే. ఆ పొడుగాటి చిరునామాలో మొదటి అక్షరాలనూ, చివర @ నుండి ఉన్న భాగాన్నీ తీసెయ్యాలి. కింది గీత ఉన్నచోట ఏటవాలు గీత పెట్టాలి. +20 ఉన్నచోట ఖాళీ, +28 ఉన్నచోట తెరిచే బ్రాకెట్టు, +29 ఉన్నచోట మూసే బ్రాకెట్టు పెట్టాలి. ఇవి పదహారు ఆధారంగా రాసిన ఆస్కీ సంఖ్యలేనని మన క్లాసులో చదువుకున్నవారు గుర్తుపడతారు. అలా తేలిన చిరునామాను మేడం గారి కొత్త పెట్టెకు ఎక్స్.500 రకం అదనపు చిరునామాగా చేర్చాం. ఐదు నిమిషాలు పట్టింది. ఆ మధ్యాహ్నం కూర్చుని, తరలించిన పెట్టెలన్నిటికీ పాత లోపలి చిరునామాలు తెప్పించి చేర్చాం. అసలు తరలించిన రోజునే చెయ్యవలసిన పని అది.

గుమస్తా గారు సాయంత్రం ఫోను చేసి, "వెళ్లినయ్ బాబూ" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

4. 2022 జనవరి 1

తప్పు ఎక్కడ దాగి ఉంటుందో చెప్పటానికి ఒక ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 2022 జనవరి 1న, సొంత ఆవరణలో ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లు నడుపుకునే ఎన్నో సంస్థల్లో ఉత్తరాలు క్యూలలో ఆగిపోయాయి. నెట్‌వర్కు బాగుంది, డిస్కులో చోటుంది, డి.ఎన్.ఎస్. బాగుంది.

కారణం లెక్కలో ఉంది. ఉత్తరాల్లో వైరసును వెతికే భాగం తన సమాచారపు ఫైలుకు తేదీని బట్టి ఒక సంఖ్య ఇచ్చుకునేది. కొత్త సంవత్సరం నాడు ఆ సంఖ్య 2201010001 అయింది. దాన్ని 32 బిట్ల పూర్ణాంకంలో పెట్టబోయారు. గుర్తుతో కూడిన 32 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య రెండు ఘాతం 31లో ఒకటి తక్కువ, అనగా 2147483647. 21తో మొదలైన సంఖ్యలు 2021 డిసెంబరు దాకా పట్టాయి, 22తో మొదలైనది పట్టలేదు. వెతికే భాగం కూలింది, దాన్ని దాటిపోవలసిన ఉత్తరాలు నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్ వారు ఇచ్చిన సవరణలో కొత్త ఫైలు సంఖ్య 2112330001. అంటే 2021 డిసెంబరు 33వ తేదీ! నవ్వొచ్చినా, ఆ సంఖ్య 32 బిట్లలో పడుతుంది. ఉత్తరాలు పోలేదు, క్యూలలో ఉన్నవి కదిలాయి.

5. ఆచరణకు కొన్ని సూత్రాలు

మొదటిది, ఏదీ మార్చకముందే ఉత్తరం ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. పంపినవారి దగ్గరా, క్యూలోనా, మా సర్వరు గుమ్మంలోనా, పెట్టెలోనా? జంకు మెయిలూ చూడాలి.

రెండవది, తిరిగొచ్చిన ఉత్తరాన్ని అక్షరం వదలకుండా చదవాలి. 4 అయితే ఆగినచోటు సరిచెయ్యాలి, 5 అయితే చెప్పిన కారణం సరిచెయ్యాలి.

మూడవది, తరలించాక పరీక్ష నాలుగు విధాల చెయ్యాలి: బయటి నుండి లోపలికి, లోపల నుండి బయటికి, లోపలివారి మధ్య, పాత ఉత్తరానికి జవాబుగా.

నాలుగవది, ఎం.ఎక్స్. రికార్డు మార్చేటట్లయితే దాని గడువు కాలాన్ని ముందే తగ్గించుకోవాలి. పాత జవాబును గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఆ గడువు తీరేదాకా పాత ఇంటికే వెళతాయి గనుక పాత సర్వరును వెంటనే ఆపెయ్యరాదు.

ఐదవది నాకు నేను రాసుకున్నది. "నేను కొట్టలేదు బాబూ, రిప్లై నొక్కాను" అన్న ఒక్క మాటలో జవాబంతా ఉంది. సర్వరు గురించి ఏమీ తెలియని మనిషి దాన్ని మొదటిరోజే నాకు చెప్పాడు.

సెలవులు అయ్యాక ఇంటికి వెళ్లి ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఈ-మెయిలు సంగతి ఆయనకు ఎంత అర్థమయిందో గాని, చివరిదాకా విన్నాడు. "ఆ పదకొండు మందికీ డబ్బులు అందినయ్యా?" అని మాత్రం అడిగాడు. అందాయని చెప్పాను. "సరే పద, తూము కాడికి పోయొద్దాం" అని పార తీసుకున్నాడు.