జూదశాల లెక్క



"ఫాదరుగారూ, డబ్బు పెట్టి పేకాడితే పాపమా?" ఈ ప్రశ్న ఆడేవారు అడగరు. వారి ఇల్లాళ్ళు అడుగుతారు.

శ్రీసభ సమాధానం మనం అనుకొనేదానికన్నా సూక్ష్మమైనది. 1992లో రెండవ జాన్ పౌల్ జగద్గురువులు వెలువరించిన సత్యోపదేశ గ్రంథం, ఏడవ దైవాజ్ఞను వివరిస్తూ 2413వ అంశంలో, పందెపు ఆటలు వాటంతట అవే న్యాయానికి విరుద్ధం కావని చెబుతున్నది. చీట్లు వేయడమే పాపమైతే, యూదా స్థానంలో మత్తీయను అలాగే ఎన్నుకొన్న అపోస్తలులను ఏమనాలి? (విచారణ పండుగకు లక్కీడిప్ టికెట్లు అమ్మే యువజనులు ఊపిరి పీల్చుకోవచ్చు.) కాని ఆ అంశం అక్కడ ఆగలేదు. తనకూ, ఇతరులకూ బ్రతుకుతెరువుకు కావలసిన సొమ్మును ఆట హరిస్తే అది నీతికి అంగీకారం కాదనీ, ఆటమీది వ్యామోహం మనిషిని బానిసను చేయగలదనీ హెచ్చరిస్తున్నది. పందెంలో మోసాన్ని గురుతర విషయంగా ఎంచుతున్నది.

ఇక్కడొక అపోహ ఉన్నది. జూదశాల, అంటే క్యాసినో, మోసం చేసి గెలుస్తుందని మన నమ్మకం. నిజానికి దానికి మోసంతో పనే లేదు. రూలెట్ అనే ఆటనే తీసుకోండి. గిర్రున తిరిగే చక్రంమీద 1 నుండి 36 వరకు అంకెలు, ఒక సున్న, వెరసి 37 గళ్ళు. మీరు కోరిన అంకెలో బంతి పడితే, మీరు పెట్టిన రూపాయితో కలిపి 36 రూపాయలిస్తారు. ఒకడు 37 గళ్ళమీదా రూపాయి చొప్పున పెట్టాడనుకోండి. తప్పక గెలుస్తాడు! పెట్టినది 37, చేతికి వచ్చేది 36. ఆ పోయిన రూపాయే యజమాని రాబడి. అంటే నూటికి సుమారు 2 రూపాయల 70 పైసలు. అమెరికా చక్రాలమీద సాధారణంగా రెండు సున్నలుంటాయి కనుక అక్కడ కోత 5 రూపాయల 26 పైసలు.

"ఇంతేనా?" అనకండి. ఈ కోత రాత్రికి ఒక్కసారి పడేది కాదు, సగటున ప్రతి పందెంమీదా పడేది. గెలిచిన డబ్బునే మళ్ళీ పెడతారు, మళ్ళీ కోత పడుతుంది. ఏ ఒక్కడో ఆ రాత్రి గెలవవచ్చు. వేలమందితో ఆడే యజమానికి మాత్రం ఆ సగటు తప్పదు.

"ఇన్నిసార్లు ఓడాను, ఇక గెలుపు నా వంతే" అనుకోవడం మరొక ఉచ్చు. 1913 ఆగస్టు 18న మాంటె కార్లో క్యాసినోలో బంతి వరుసగా 26 సార్లు నల్లగడిలోనే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం ఎగబడి, ఎరుపుమీద పెట్టి భారీగా పోగొట్టుకొన్నారు. చక్రానికి జ్ఞాపకశక్తి ఉండదు కదా!

ఆ మాంటె కార్లో ఉన్న మొనాకో చిన్న దేశం, కతోలిక మతమే అక్కడ రాజ్యమతం. ఆ దేశ పౌరులు మాత్రం ఆ క్యాసినోలో జూదమాడరాదు. మన గోవాలో, పణజి వద్ద మాండవి నదిలో ఓడలమీద క్యాసినోలు నడుస్తున్నాయి. అక్కడ కూడా స్థానికులు ఆడరాదని ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుండి నిషేధించింది. హైదరాబాదు నుండో, విజయవాడ నుండో వెళ్ళినవారికి మాత్రం స్వాగతమే. వండినవారు తమ పిల్లలకు పెట్టని కూర మనకు వడ్డిస్తున్నారన్నమాట.

ఇప్పుడు ఓడ ఎక్కనక్కరలేదు, ఆట ఫోనులోకే వచ్చింది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం వచ్చినంతమాత్రాన పాత అప్పులు తీరవు, దొంగచాటు ఆటలూ ఆగవు.

కనుక ఇల్లాళ్ళకు ఒక మాట. అమ్మా, మెడలోని బంగారం తాకట్టు పెట్టి, ఎవరికీ తెలియకుండా ఆయన అప్పు తీర్చకండి. అలా తీర్చితే ఆయనకు మళ్ళీ ఆడే వీలు చిక్కుతుంది. ముందు ఆయనను ఎదుట కూర్చోబెట్టుకొని ఎవరికెంత ఇవ్వాలో కాగితంమీద వ్రాయించండి. జూద వ్యసనాన్ని వైద్యులు జబ్బుగానే గుర్తిస్తున్నారు. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడం విశ్వాసలోపం కాదు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ విచారణ గురువుల దగ్గరకూ రండి. వచ్చేటప్పుడు ఇద్దరూ కలసి, ఆ కాగితం తీసుకొని రండి.