సాక్ష్యం రాసే చేతికి వ్యాకరణం

క్రైస్తవ పత్రికలకు సాక్ష్యాలు, ధ్యానాలు రాసేవాళ్లలో చాలామంది భక్తి మీద పెట్టినంత శ్రద్ధ వాక్యం మీద పెట్టరు. విశ్వాసం గట్టిగా ఉంటే కామా ఎక్కడ పడితేనేం అనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోలేను. జరిగింది జరిగినట్టు చెప్పడం సాక్షి పని. ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చేది వ్యాకరణమే. అందుకే వాక్యాన్ని సరిచూసుకోవడం కూడా నిజాయితీలోకే వస్తుంది.

పుట్టపర్తి చుట్టుపక్కల కరువు నేల మీద ఒక రైతు సాక్ష్యం రాశాడనుకుందాం. ‘దేవుడు వర్షం కురిపించి వేరుశనగ పండింది’ అన్నాడు. ‘వాన కురిసి పంట పండింది’ అంటే చెవి ఒప్పుకుంటుంది, ఒకటి రెండోదానికి సహజంగా కారణం గనక. దేవుణ్ణి కర్తగా పెట్టి ‘కురిపించి’ అన్నాక తర్వాతి పనికీ ఆయనే కర్త కావాలి. ‘దేవుడు వర్షం కురిపించాడు, వేరుశనగ పండింది’ అని విడదీస్తే సరిపోతుంది. అలా విడదీసి చూసుకున్నప్పుడే ఇంకో ప్రశ్న పుడుతుంది: అప్పు తెచ్చి విత్తనం కొన్నదెవరు, కలుపు తీసిందెవరు? తన కథలో ఎవరిని మరిచాడో రచయితకు అక్కడ తెలుస్తుంది. విరామ చిహ్నమూ అంతే. ‘ప్రార్థన చేస్తూ ఏడుస్తున్న తల్లిని కొడుకు చూశాడు’ అన్న వాక్యంలో ప్రార్థిస్తున్నది తల్లి. ‘చేస్తూ’ తర్వాత కామా పెడితే కొడుకు. ఇలాంటి రాతను సంఘంలో ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు. చదివేవాళ్లకు కామా ఊపిరి తీసుకునే చోటు. ఇక ఒకే పేరాలో ‘చెప్పెను’, ‘చెప్పాడు’, ‘చెప్పారు’ కలగాపులగంగా రావడం పాత బైబిలు భాషా ఇంటి భాషా తెలియకుండా కలిసిపోవడం వల్ల జరుగుతుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మాటలు పరిశుద్ధాత్మ ఇస్తాడు, వ్యాకరణం లోకజ్ఞానం అనేవాళ్లున్నారు. వాళ్ల భక్తిని తక్కువ చేయను. కానీ లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ జాగ్రత్తగా విచారించి వరుసగా రాస్తున్నానని చెప్పుకున్నాడు. రోమా పత్రికను పౌలు చెబుతుంటే రాసింది తెర్తియు. యిర్మీయా గ్రంథపు చుట్టను రాజు కాల్చేస్తే బారూకు మళ్లీ కూర్చుని మొత్తం రాశాడు, ఇంకా కలిపి రాశాడు. తెలుగు లేఖనమూ అలా చేతులు మారి వచ్చిందే. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్‌లకు అనువాదంలో ఆనందరాయర్ తోడయ్యాడు. వాళ్లు అనువదించిన సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. తర్వాతి తరాలవాళ్లు ఆ తెలుగును దిద్దుతూనే వచ్చారు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ‘శుద్ధ భాష’ పేరుతో తెలుగు నేల మీద దళితుల నోరు ఎన్నిసార్లు మూయించారో తెలిసినవాళ్లకు వ్యాకరణం అనగానే మనసు గాయపడుతుంది. ఆ కోపం న్యాయమైనది. అయితే ఆ వివక్షను తానే అనుభవించిన కవి గుర్రం జాషువా ఛందస్సునూ వ్యాకరణాన్నీ వదిలెయ్యలేదు. వాటిని సొంతం చేసుకుని, వాటితోనే అంటరానితనాన్ని నిలదీశాడు. ఆయన కావ్యం ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పైగా యాసకూ తప్పుకూ పొత్తు లేదు. అవ్వ ‘శానా కష్టపడితిమి నాయనా’ అంటే ‘చాలా కష్టపడ్డాము’ అని దిద్దేవాడు ఆమె సాక్ష్యాన్ని చెడగొడుతున్నాడు. ఆమె మాటను ఆమె మాటగానే ఉంచి, చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడం రచయిత బాధ్యత.

ఇక ఎవరు చదువుతారన్నదీ చూసుకోవాలి. పుట్టపర్తిలో రాసే క్రైస్తవుడికి పక్కింట్లో సత్యసాయి భక్తులుంటారు, వీధిలో దేశదేశాల యాత్రికులుంటారు. ‘భారం కలిగి గోజాడితిని’ అన్న మాట సంఘంలో అందరికీ తెలుసు, ఆ పక్కింటికి తెలియదు. ‘అన్యులు’ అన్న మాట మాత్రం బాగా తెలుస్తుంది, నొచ్చుకుంటారు కూడా. శైలి అంటే ఎదుటి మనిషిని ముందు పెట్టుకుని మాట ఎంచుకోవడం. అది అలవాటైనవాడు నలుగురిలో మాట్లాడేటప్పుడూ తొందరపడడు. రాసింది పంపేముందు సంఘం బయటి స్నేహితుడొకరికి పైకి చదివి వినిపించండి. ఆయన ‘ఎవరు?’ అని ఆపిన ప్రతిచోటా కర్త తప్పిపోయి ఉంటాడు, ‘అంటే?’ అని అడిగిన చోట మాట మార్చాలి.