వెలిగే కీబోర్డు కొనేముందు మనం తెలుసుకోవలసినవి

మన స్టడీహాలులో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు విడిగా ఒక కీబోర్డు కొనాలని అనుకున్న సంగతి మీకందరికీ తెలుసు. వార్డెన్ సార్ గారు "2,500 రూపాయలు దాటొద్దు, ఏది మంచిదో మీరే చదివి చెప్పండి" అన్నారు. నేను చదివి, షాపులో నొక్కి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, టైపింగ్ మనకెందుకు? ఇంటర్ పాసైనవాళ్ళు రాసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సి.హెచ్.ఎస్.ఎల్. పరీక్షలో క్లర్కు ఉద్యోగాలకు టైపింగ్ పరీక్ష కూడా ఉంటది. ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు కొట్టాలి. అంటే గంటకు 10,500 నొక్కుళ్ళు! రాతపరీక్ష గట్టెక్కి కూడా టైపింగులో ఆగిపోతే ఎంత బాధ! అందుకే మన ఇంటర్ అన్నలకు ఇది ఆటవస్తువు కాదు.

మెకానికల్ అంటే ఏమిటి?

మామూలు కీబోర్డులో కీలన్నిటి కింద ఒకే రబ్బరు పొర పరచి ఉంటుంది. కీ నొక్కితే రబ్బరు బుడగ కుంగి, అడుగున అక్షరం పడుతుంది. మెకానికల్ కీబోర్డులో ఏ కీ స్విచ్ ఆ కీకే ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు, చిన్న లోహపు రేకులు ఉంటాయి. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది కాని, సుమారు 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది. అడుగుదాకా బలంగా కొట్టే పని లేదు.

ఈ స్విచ్‌లలో పేరున్నది జర్మనీ కంపెనీ చెర్రీది. దాని పేటెంటు గడువు తీరినాక చైనాలోని గేటరాన్, కైల్, అవుటెమూ వంటి కంపెనీలు అదే పద్ధతిలో తయారుచేశాయి. అందువల్లనే ఇప్పుడు 2,000 రూపాయల దగ్గర కూడా దొరుకుతున్నాయి.

ఒక జాగ్రత్త. కొన్ని డబ్బాల మీద "మెకానికల్ ఫీల్" అని రాసి ఉంటది. చాలావరకు అవి రబ్బరువే, పైన దీపాలు పెట్టి అమ్ముతారు. షాపులో ఒక కీని చాలా మెల్లగా నొక్కండి. సగంలోనే అక్షరం పడితే మెకానికల్. పూర్తిగా అడుగుకు తాకినాక పడితే అనుమానించండి. డబ్బా మీద స్విచ్ పేరు, రంగు ఉన్నాయా అని కూడా చూడండి.

ఎన్నాళ్ళు వస్తుంది?

ఒక లెక్క చేద్దాం. ఇంగ్లీషులో దాదాపు 6 నొక్కుళ్ళలో ఒకటి స్పేస్ బార్ మీద పడుతుంది. గంటకు 10,500 అయితే స్పేస్ మీద 1,750. మనం వంతులవారీగా రోజుకు 4 గంటలు కొడితే 7,000. మెకానికల్ స్విచ్‌కు కంపెనీలు సాధారణంగా 5 కోట్ల నొక్కుళ్ళు అని చెబుతాయి. అంటే 19 ఏళ్ళ పైమాటే. రబ్బరు కీ 50 లక్షలు తట్టుకుంటుందనుకుంటే రెండేళ్ళు కూడా రాదు. ఇది కాగితం మీది లెక్క. మన సుద్దపొడి, మన అటుకుల పొట్లం ఈ లెక్కలో లేవు!

ఏ రంగు స్విచ్?

నీలం: నొక్కినప్పుడల్లా టక్కుమంటది. వేలికి బాగా తెలుస్తది, కానీ స్టడీహాలు పక్కనే చిన్న తరగతుల తమ్ముళ్ళు పడుకుంటారు.
ఎరుపు: తేలికగా, మెత్తగా దిగుతుంది, టక్కు శబ్దం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు వేలు ఆనితేనే అక్షరం పడిపోతుంది.
గోధుమ రంగు: సగంలో చిన్న తట్టు తగులుతుంది, శబ్దం తక్కువ. మనకు ఇదే సరైనదని నా అభిప్రాయం.

వెలుగు సంగతి

కీల కింది దీపాలకు కరెంటు ల్యాప్‌టాప్ నుంచే వస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ తొందరగా అయిపోకుండా వెలుగు బాగా తగ్గించుకోవాలి. రకరకాల రంగులు మారేవాటికి ధర ఎక్కువ, మనకు ఒక్క తెల్ల రంగు చాలు. ముఖ్యమైనది ఏమిటంటే అక్షరం గుండా వెలుగు బయటికి రావాలి. కొన్నింటిలో కీల సందుల్లోనే వెలుగుతుంది, అక్షరం చీకట్లోనే ఉంటుంది. అట్లాంటిది దేనికి?

కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటిస్తే వెలుగు ఆగిపోతుంది. కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ పటాన్ని గోడకు అంటిద్దాం. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. ఇంగ్లీషు కె కీ మీద క, షిఫ్ట్‌తో ఖ. నాలుగు వారాలు చూసి కొడితే ఐదో వారం చూడకుండా వస్తుందని నా నమ్మకం.

ఇంకొక మాట. మన జిల్లాలో దొరికిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఆ అక్షరాలు అచ్చువేసిన కీబోర్డు ఏ షాపులోనూ నాకు కనబడలేదు. కీ మీద ఏ అక్షరం ఉన్నా, మన భాష మన వేళ్ళకు గుర్తుంటే చాలు. వెలుగు దారి చూపిస్తది, నడవాల్సింది వేళ్ళే.

నా సూచన

1. గోధుమ రంగు స్విచ్, తీగ ఉన్నది.
2. 87 కీలది. 61 కీలదాంట్లో బాణం గుర్తులకు వేరే కీలు ఉండవు, 104 కీలది బల్ల మీద జాగా ఎక్కువ తీసుకుంటుంది.
3. దొరికితే స్విచ్ ఊడదీసి మార్చుకునే రకం. ఒక కీ చెడితే టంకం వేయకుండా అదొక్కటే మార్చుకోవచ్చు.
4. బిల్లు, ఏడాది గ్యారంటీ కాగితం వార్డెన్ సార్ దగ్గర ఉంచాలి.

మంచి కీబోర్డు వేళ్ళ నొప్పిని తగ్గిస్తుందే గాని వేగాన్ని తెచ్చిపెట్టదు. వేగం రోజూ కూర్చుంటేనే వస్తది. ఆ 2,500 మన అందరివి. అందుకని నా మాట నచ్చనివాళ్ళు కింద ఖాళీ జాగాలో కారణంతో సహా రాయండి. ఆదివారం మీటింగులో అన్నీ చదివి నిర్ణయిద్దాం.