మంచము దిగిన వృద్ధులు

లండను నగరమునకు పడమరగా ఐజిల్‌వర్తు అను పేట కలదు. అందలి వెస్టు మిడిలుసెక్సు ఆసుపత్రిని ఆనుకొని పూర్వము బీదల ఆశ్రమ మొకటి యుండెడిది. ఇంట చూచువారు లేని ముసలివారు పలువురు రోగులై అచ్చట చేరుచుండిరి. 1935వ సంవత్సరమున ఆ రోగులందరును ఆసుపత్రి పాలనలోనికి వచ్చిరి. వారి సంఖ్య 714. వారి భారము మార్జరీ వారెన్ అను వైద్యురాలిపై పడెను.

ఆమె చూచిన దృశ్య మిది. గోడలు వన్నె మాసి యుండెను. వరుసలుగా మంచములు, ప్రతి మంచముమీద ఒక వృద్ధుడో వృద్ధురాలో. కొందరికి కాళ్లు ముడుచుకొని పోయెను. కొందరికి వీపున పుండ్లు పడెను. వారిలో ఎందరికో రోగ మేమో సరిగా నిర్ణయించినవారే లేరు. ముసలితన మను మాటయే వారి రోగమునకు పేరై నిలిచెను.

ఇది ఎట్లు జరిగెను? ఇంట నున్నంతకాలము వృద్ధుడు ఏదో పనికై లేచును. మెట్టు దిగును, గడప దాటును. ఆశ్రమమున చేరిన పిమ్మట అన్నియు మంచముకడకే వచ్చును. చూచువారి కది గొప్ప ఉపచారమువలె తోచును. కాని కొలది దినములకే కండరములు సన్నగిల్లును; కీళ్లు బిగియును; ఒత్తిడి తగిలినచోట చర్మము చితికి పుండగును. అప్పుడాతడు నిజముగనే లేవలేడు. లేవలేడు గనుక మంచమున నున్నాడని అందరును తలంతురు. మంచమున నుంచుటచేతనే లేవలేకపోయెనని తలచువా రరుదు.

వారెన్ ఒక్కొక్కరిని మొదటినుండి పరీక్షించెను. పిచ్చివారిని, పక్షవాతము వచ్చినవారిని, కేవలము బలహీనులను వేరుపరచి, ఎవరికి తగిన చికిత్స వారికి జరిపించెను. గోడలకు మంచి రంగులు వేయించెను, దీపములు పెంచెను. అన్నిటికంటె ముఖ్యముగా, నిలువగలవారిని నిలువబెట్టెను, నిలిచినవారిని నడిపించెను. ఏండ్ల తరబడి మంచము పట్టినవారిలో పలువురు లేచి తిరుగసాగిరి. కొందరు ఇండ్లకును మరలిరి. ఆమె ఇచ్చినది క్రొత్త మందు కాదనుట గమనింపదగినది.

1943లో ఆమె తన అనుభవమును వైద్యపత్రికలో ప్రకటించెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను మరియొక ఆంగ్లవైద్యుడు మంచమువలని అపాయములను గూర్చియే ఒక వ్యాసము వ్రాసెను. వృద్ధుల వైద్యము ప్రత్యేకశాఖగా ఆ దేశమున వేరూనినది ఆ కాలముననే.

అయినను చిక్కు అంతటితో తీరలేదు. వృద్ధుడు ఇల్లు విడిచి వేరొకచోట చేరునపుడు అతని వస్తువులు వెంట వచ్చును గాని, అతనిని గూర్చిన తెలివిడి వెంట రాదు. ఏ చెవి వినబడదో, ఏ మందు పడదో, నిన్నటివరకు కఱ్ఱ ఊతతో ఎంతదూరము నడచెడివాడో క్రొత్తవారి కెట్లు తెలియును? చిరకాలము చూచిన వైద్యుడు మారుటయు కలదు. నర్సింగుహోములు విరివిగా నున్న అమెరికాలో 1987లో ఇందులకై ఒక చట్టము చేసిరి. సిబ్బంది తమ సౌకర్యముకొరకు వృద్ధులను కట్టివేయరాదని అది శాసించెను. చేరిన ప్రతివానిని నిండుగా పరీక్షించి వ్రాసి యుంచవలె ననియు విధించెను; ఇప్పటి నియమము ప్రకారము దానికి గడువు 14 దినములు. ఆ పత్రములో చూపు, వినికిడి, నడక, నమలుట మొదలగువాటితో పాటు మరియొక ప్రశ్నయు కలదు: రాత్రి ఏ వేళకు పండుకొనవలెనో తానే నిర్ణయించుకొనుట అతనికి ఎంత ముఖ్యము?